మురుగు ఎటు పారుతుంది? నగరాల మలం, దూరపు వెలివాడలు

ఊరి మురుగు ఎటు పారుతుందో చూస్తే వాడ ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇది మేం పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి కాదు. మాలో చాలామందిమి ఆ పల్లం నుంచే వచ్చాం. మెరక మీద గుడి, కరణం గారి ఇల్లు, పెద్ద రైతుల లోగిళ్లు. కాలువ దిగివచ్చే చోట మాలపల్లె, ఇంకా దిగువన మాదిగ గూడెం. పై ఇళ్ల స్నానాల నీళ్లు, గొడ్ల కొట్టాల నీళ్లు, వానాకాలంలో దొడ్ల నీళ్లు అన్నీ మా గడపల ముందు నుంచే పోయేవి. అడిగితే "నీళ్లు పల్లానికే గదా పోతయ్" అనేవాళ్లు. నిజమే. కానీ ఆ పల్లంలో మనల్ని ఉంచిందెవరు అని మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆధునిక నగరం ఆ కాలువను రద్దు చేయలేదు, పొడిగించింది. పైపులు వేసింది, పడవలు కట్టింది, రైళ్లు నడిపింది, కంపెనీలకు కాంట్రాక్టులు ఇచ్చింది. కానీ చివరికి మలం చేరేది 'వద్దు' అనే శక్తి లేని మనుషుల దగ్గరికే. దీన్ని అర్థం చేసుకోడానికి న్యూయార్క్ నగరం తన మురుగును ఎక్కడెక్కడికి పంపిందో చూసి, ఆ తర్వాత మన మూసీ దగ్గరికి వస్తాం.

ముందు మనుషుల్ని తరలించారు

మలాన్ని దూరప్రాంతాలకు తరలించడం కొత్త విషయంలాగా కనిపిస్తుంది. దానికంటే ముందు నగరాలు మలం ఎత్తే మనుషుల్ని దూరప్రాంతాల నుంచి తరలించాయి. ఆ చరిత్రలో తెలుగు దళితులకు పెద్ద భాగమే ఉంది. బ్రిటిష్ పాలనలో మునిసిపాలిటీలు ఏర్పడ్డాక కులం ఒక సర్కారు ఉద్యోగంగా మారింది. గడ్డి కోసి, పండ్లు అమ్ముకుని బతికిన రెల్లి వాళ్లు కోస్తా పట్టణాల్లో పాకీ పనిలోకి వచ్చారు. సముద్రం దాటి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీల్లో ఎందరో అక్కడి మునిసిపాలిటీలో వీధులూడ్చారు, పాయఖానాలు ఎత్తారు. మద్రాసు నగరంలో పారిశుద్ధ్యపు పనివాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కోలార్ బంగారు గనుల్లో బంగారం తీసిందీ దళితులే, గని కాలనీల పాకీదొడ్లు ఎత్తిందీ దళితులే. సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించిన బెజవాడ విల్సన్ అటువంటి తెలుగు కుటుంబంలో కోలార్‌లో పుట్టినవారే.

పాకీ పనిని నిషేధిస్తూ పార్లమెంటు మొదటి చట్టం చేసింది 1993లో. అది చాలక 2013లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. 1993 తర్వాత మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటేనే చావులు ఆగలేదని అర్థం. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పడవల కథకైనా రైళ్ల కథకైనా మొదటి మజిలీ మ్యాన్‌హోల్ అని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఎత్తినవాడిది ఒక కథ. దింపించుకున్నవాడిది రెండో కథ. రెండూ ఒకే కాలువకు రెండు కొసలు.

పన్నెండు మైళ్లు, నూటఆరు మైళ్లు

న్యూయార్క్‌నే ఎందుకు తీసుకున్నామంటే, ఈ తరలింపు అక్కడ కాగితాల మీద, ఒప్పందాల్లో, కోర్టు తీర్పుల్లో స్పష్టంగా నమోదైంది. పైగా అది మనకు పరాయి ఊరేం కాదు. 1913 నుంచి 1916 వరకు డాక్టర్ అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న నగరం అది. ఆయన ఉన్న రోజుల్లో ఆ నగరం తన మురుగును చాలావరకు అట్లాగే చుట్టూ ఉన్న నదుల్లోకి, రేవులోకి వదిలేది.

తర్వాత మురుగునీటి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పుకోవాలి. శుద్ధి అంటే మలం మాయమైపోవడం కాదు. నీళ్లు ఒకవైపు, మడ్డి ఒకవైపు విడిపోవడం. ఇంజనీర్లు స్లడ్జి అనేది ఈ మడ్డినే. నీళ్లు ఎంత బాగా శుభ్రమైతే మడ్డి అంత ఎక్కువగా మిగులుతుంది. అందులో మలంతో పాటు ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, వర్క్‌షాపులు కాలువలో వదిలినవన్నీ ఉంటాయి. సీసం, కాడ్మియం వంటి లోహాలు కూడా ఉండొచ్చు.

ఈ మడ్డిని 1924 నుంచి న్యూయార్క్ పడవల్లో నింపి తీరానికి 12 మైళ్ల దూరంలో సముద్రంలో వదిలింది. దశాబ్దాల తర్వాత అక్కడ సముద్రపు అడుగు పాడైపోయిందని తేలింది. 1972లో సముద్రంలో పారబోతను అదుపు చేసే చట్టం వచ్చింది. అయినా 1987 దాకా ఆ చోటు పూర్తిగా మూతపడలేదు. అప్పుడు చేసిందేమిటి? పడవల్ని ఇంకా దూరం పంపారు. ఈసారి 106 మైళ్లు.

అదే సమయంలో, 1987, 1988 వేసవుల్లో, న్యూజెర్సీ, న్యూయార్క్ బీచ్‌ల మీదికి వాడేసిన సిరంజీలు, ఆస్పత్రి చెత్త కొట్టుకొచ్చాయి. అది మురుగు మడ్డి కాదు, వేరే చెత్త. కానీ బీచ్‌కి వెళ్లే మధ్యతరగతికి కోపం వచ్చింది. 1988 నవంబరులో సముద్రంలో మురుగు మడ్డి పారబోతను నిషేధించే చట్టం వచ్చింది. గడువు 1991 డిసెంబరు. న్యూయార్క్ ఆ గడువు కూడా దాటి 1992 జూన్ 30న గానీ ఆపలేదు.

సముద్రాన్ని కాపాడిన ఆ చట్టాన్ని మేం తప్పుపట్టడం లేదు. అది అవసరమైన చట్టమే. మేం అడిగేది వేరు. పన్నెండు మైళ్ల నుంచి నూటఆరు మైళ్లకు, అక్కడి నుంచి నేల మీదికి మడ్డి కదిలిన ప్రతిసారీ ఎవరికి కోపం వస్తే కదిలింది? ఎవరి కోపం లెక్కలోకి రాని చోటికి కదిలింది?

నగరం లోపలి వాడ

సమాధానానికి టెక్సాస్ దాకా పోనక్కర్లేదు, నగరం లోపలే ఉంది. మన్‌హటన్ పడమటి ఒడ్డున కట్టాల్సిన నార్త్ రివర్ శుద్ధి కేంద్రాన్ని చివరికి నల్లవాళ్లు, లాటినోలు ఎక్కువగా ఉండే పశ్చిమ హార్లెం ముందు కట్టారు. 1986లో అది పనిచేయడం మొదలుపెట్టింది. వాసనకు కిటికీలు తెరవలేని స్థితి వచ్చింది. 1988 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జయంతి రోజున స్థానికులు రోడ్డు మీద బైఠాయించి అరెస్టయ్యారు. వాళ్లు పెట్టుకున్న 'వుయ్ యాక్ట్' సంస్థ నగరం మీద దావా వేసి 1993 చివర్లో 11 లక్షల డాలర్ల ఒప్పందం సాధించింది. అదే దశాబ్దంలో సౌత్ బ్రాంక్స్‌లోని హంట్స్ పాయింట్‌లో మడ్డిని ఎండబెట్టి ఎరువు గుళికలుగా మార్చే ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడా నల్లవాళ్లు, లాటినోలే. చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి పోరాడితే 2010లో అది మూతపడింది.

ఈ సంగతులు అప్పటికే అమెరికాలో చర్చకు వచ్చాయి. 1982లో నార్త్ కరోలినా రాష్ట్రం వారెన్ కౌంటీలో నల్లవాళ్ల ఊళ్ల దగ్గర విషపు మట్టిని పూడుస్తుంటే జనం లారీలకు అడ్డంగా పడుకున్నారు, 500 మందికి పైగా అరెస్టయ్యారు. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్ల నివేదిక దేశమంతా లెక్కలు తీసింది. విషపు చెత్త ఎక్కడికి చేరుతుందో నిర్ణయించే అంశాల్లో ఆదాయం కంటే కూడా జాతి బలమైనదని అది తేల్చింది. పర్యావరణ జాతివివక్ష అన్న మాట అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది.

రెండు వేల మైళ్ల రైలు

సముద్రం మూసుకుపోయాక న్యూయార్క్ కంపెనీలను పిలిచింది. మెర్కో అనే కంపెనీకి ఆరేళ్లకు 16 కోట్ల 80 లక్షల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. ఆ కంపెనీ ముందు ఓక్లహోమాలో ప్రయత్నించింది. అక్కడి జనం ఒప్పుకోలేదు. అప్పుడు దొరికింది సియెర్రా బ్లాంకా.

అది పశ్చిమ టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దుకు దగ్గరగా, ఎడారిలో ఉన్న చిన్న ఊరు. జనాభా వందల్లోనే. మూడింట రెండు వంతుల మంది మెక్సికన్ మూలాల వాళ్లు, పేదవాళ్లు. కంపెనీ ఊరి పక్కన 1,28,000 ఎకరాల పశువుల ఎస్టేటు కొన్నది. బహిరంగ విచారణ అక్కర్లేని రిజిస్ట్రేషన్ పద్ధతిలో రాష్ట్ర అధికారుల నుంచి కొద్ది వారాల్లోనే అనుమతి తెచ్చుకుంది. 1992 వేసవి నుంచి రైలు మొదలైంది. రోజుకు సుమారు 250 టన్నుల తడి మడ్డి, రెండు వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చి ఆ ఎడారి గడ్డి మీద పరుచుకునేది. స్థానికులకు ఉద్యోగాలిస్తాం, బళ్లకూ సంఘాలకూ విరాళాలిస్తాం అన్నారు, కొంత ఇచ్చారు కూడా. ఊరు రెండుగా చీలింది. పేద ఊళ్లో పది ఉద్యోగాలంటే ఎంత బరువో, ఎదురు మాట్లాడేవాడి నోరు అది ఎట్లా మూయిస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1994లో ఒక టీవీ కార్యక్రమం ఈ రైలును చూపించింది. అందులో కేంద్ర పర్యావరణ సంస్థ ఉద్యోగి ఒకాయన కంపెనీని గట్టిగా విమర్శించాడు. కంపెనీ పరువునష్టం దావా వేసింది. టెక్సాస్‌లో జూరీ కంపెనీ వైపే తీర్పిచ్చింది. తర్వాత అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మలం రవాణా చేసే కంపెనీకి కోర్టుకెక్కేంత పరువు ఉంది. ఆ మలం దిగిన ఊరి పరువు గురించి దావా వేసే దారి మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ఇంకో సంగతి పేర్లది. 'మురుగు మడ్డి' అంటే జనం భయపడుతున్నారని 1991లో అమెరికా మురుగునీటి వృత్తి సంఘం వాళ్లు కొత్త పేరు ఎంచుకున్నారు: బయోసాలిడ్స్. పేరు మారింది, దిగే ఊళ్లు మారలేదు. మనకు ఈ తంతు పాతదే. ఒకప్పుడు మనల్ని కూడా అడక్కుండానే 'హరిజనులు' అన్నారు. పేరులో దేవుడొచ్చాడు గానీ చేతిలో చీపురు పోలేదు.

ఒక చోట చెత్త దింపడం అలవాటైతే తర్వాతి చెత్త కూడా అక్కడికే చూస్తుంది. మడ్డి రైలు నడుస్తుండగానే మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల అణు వ్యర్థాలను కూడా టెక్సాస్ వాటితో కలిపి సియెర్రా బ్లాంకా దగ్గరే పూడ్చాలనుకున్నారు. ఈసారి ఊరు ఒంటరిగా లేదు. సరిహద్దుకు రెండువైపులా ఉన్న జనం కదిలారు, మెక్సికోలో కూడా నిరసనలు జరిగాయి. 1998 అక్టోబరు 22న టెక్సాస్ అధికారులు ఆ లైసెన్సును తిరస్కరించారు. మడ్డి రైలు మాత్రం 2001 దాకా నడిచింది. ఖర్చు ఎక్కువని నగరం ఒప్పందం ముగించుకుంటే ఆగింది. ఇది విజయమా? ఊరికి మేలే జరిగింది. కానీ ఊరి మాట విని ఆపడం వేరు, ఖర్చు చూసుకుని ఆపడం వేరు.

ఎరువా, అవమానమా

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటేసి పోవడం నిజాయితీ కాదు. మలం ఎరువు కాదా? మన రైతులు పెంటపోగు వాడలేదా? న్యూయార్క్ మడ్డినే కొలరాడోలో కొందరు గోధుమ రైతులు ఇష్టపడి తమ చేలకు వేయించుకున్నారు. ఇది నిజం. మేం మలాన్ని చూసి ముక్కు మూసుకునేవాళ్లం కాదు. ఆ అసహ్యం మనువుది, మనది కాదు. మలం నుంచి పంట వస్తుందని మన తాతలకు తెలిసినంతగా ఏ శాస్త్రికీ తెలియదు.

తేడా ఎక్కడుందంటే, కొలరాడో రైతు తన పొలం కోసం అడిగాడు, కావాలంటే మానుకోగలడు. సియెర్రా బ్లాంకాను ఎవరూ అడగలేదు. అక్కడ దిగింది క్లాస్ బి అనే రకం మడ్డి. అందులో రోగక్రిములు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. అందుకే అది వేసిన నేల మీదికి కొంతకాలం జనాన్ని రానివ్వకూడదని 1993 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. అంటే ప్రశ్న మలానిది కాదు, మాటది. ఒకే వస్తువు, అడిగి తెచ్చుకున్నవాడికి ఎరువు, అడక్కుండా నెత్తిన పోయించుకున్నవాడికి అంటరానితనం.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది. అంతా జాతేనా, పేదరికం కాదా అని. 2018 దానికి కొంత జవాబిచ్చింది. అప్పట్లో న్యూయార్క్, న్యూజెర్సీల మడ్డిని అలబామాలోని ఒక ప్రైవేటు డంపుకు రైలులో పంపేవారు. వెస్ట్ జెఫర్సన్ అనే ఊరు కోర్టుకెళ్లి రైలును తమ దగ్గర నిలపకుండా చేసుకుంది. రైలు పక్క ఊరు పారిష్‌కు జరిగింది. వెయ్యి మంది లోపు జనం, ఎక్కువమంది తెల్లవాళ్లే, బొగ్గు గనుల ప్రాంతపు పేదలు. ఇటువంటి వాటిని ఆపే జోనింగ్ నిబంధనలు ఆ ఊరికి లేవు. దాదాపు కోటి పౌండ్ల మడ్డి రెండు నెలల పాటు పిల్లల బేస్‌బాల్ మైదానం పక్కన కంటైనర్లలో నిలబడిపోయింది. ఏప్రిల్‌లో గానీ చివరి కంటైనర్ కదల్లేదు. అంటే మురుగు ముందు రంగును వెతుక్కుంటుంది, రంగు దొరక్కపోతే పేదరికాన్ని వెతుక్కుంటుంది. ఒక ఊరు గెలిచి తప్పించుకుంటే పక్క ఊరి మీద పడుతుంది. మాలపల్లె తప్పించుకున్నది మాదిగ గూడెం మీద పడే పద్ధతి మనకు తెలిసిందే కదా. విడివిడిగా గెలవడంలో ఉన్న ఓటమి అదే.

మన మూసీ రైలు

ఇప్పుడు ఇంటికి వద్దాం. హైదరాబాద్‌కు రైలు అవసరం రాలేదు, నది ఉంది కాబట్టి. 1908 సెప్టెంబరు వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో పైన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, నగరానికి మంచినీళ్లు వచ్చాయి. కానీ పైనీరు పైనే ఆగాక, నగరం పెరిగే కొద్దీ ఎండాకాలంలో దిగువ మూసీలో పారింది ప్రధానంగా నగరం వదిలిన నీరే. ప్రతాపసింగారం, ఏదులాబాద్, పిల్లాయిపల్లి, వలిగొండ మీదుగా ఉమ్మడి నల్లగొండ జిల్లా అంతా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఆ నీళ్లే కత్వల మీద నురగలు కక్కుతూ పోయాయి.

ఆ నీళ్లతో వరి పండింది, గడ్డి పెరిగింది, ఆ గడ్డి మేసిన బర్రెల పాలు మళ్లీ నగరానికే వచ్చాయి. కాబట్టి ఊళ్లల్లో అందరూ ఒకే మాట చెప్పరు. పొలం ఉన్నాయన "ఏడాదంతా నీళ్లుంటయ్" అంటాడు. ఆ పొలంలో మోకాళ్ల దాకా దిగి నాట్లేసే కూలి తల్లి కాళ్లు చూపిస్తుంది. చేపలు పట్టి బతికినవాళ్లు, ఏటి ఒడ్డున బట్టలు ఉతికినవాళ్లు ఆ పనులే పోయాయంటారు. నీళ్లు పట్టాదారుకు, దురద కూలికి. ఒక ఊరి లోపల కూడా మురుగు మళ్లీ కులాల వారీగానే పంచుకోబడుతుంది.

ఇంకా చేదు సంగతి ఒకటుంది. నల్లగొండలో ఫ్లోరైడు రోగం 1930ల నుంచీ తెలిసిందే. వంకర పోయిన ఎముకలతో జనం దశాబ్దాల పాటు మంచినీళ్ల కోసం పోరాడారు. అదే జిల్లాలోని అక్కంపల్లి నుంచి కృష్ణా నీళ్లు 2004లో పైపుల్లో హైదరాబాద్‌కు చేరాయి. మంచినీళ్లు నల్లగొండ మీదుగా నగరానికి పోయాయి, మురుగు నగరం నుంచి నల్లగొండకు వచ్చింది. మిషన్ భగీరథ తర్వాత ఊళ్లకు నల్లాలు వచ్చిన మాట నిజమే. కానీ ఆ పన్నెండేళ్ల పైచిలుకు కాలంలో పెరిగిన పిల్లల ఎముకలు ఎవరి లెక్కలో రాసుకోవాలి?

2021లో హైదరాబాద్ చుట్టూ 31 కొత్త శుద్ధి కేంద్రాలు కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దిగువ ఊళ్లు చాలాకాలంగా అడుగుతున్నదే ఇది, మేం దీన్ని కోరుకుంటున్నాం. కానీ న్యూయార్క్ చరిత్ర చెప్పిన పాఠం మరిచిపోకూడదు. నీళ్లు శుభ్రమైన రోజు నుంచి మడ్డి గుట్టలు మొదలవుతాయి. ఇన్నాళ్లూ నదిలో కలిసి పోయింది ఇక లారీ ఎక్కుతుంది. ఆ లారీ ఏ ఊరికి పోతుంది?

శుద్ధి అన్న మాటను మన సమాజం ఎప్పుడూ ఒక్క అర్థంలోనే వాడింది. ఒకడు శుద్ధం కావాలంటే మైల ఇంకొకడికి అంటాలి. గుడి శుద్ధికీ బావి శుద్ధికీ ఉన్న ఆ అర్థమే మురుగు శుద్ధి కేంద్రం గేటు దగ్గర కూడా నిలబడి ఉంది. దాన్ని మార్చడం ఇంజనీర్ల వల్ల అయ్యే పని కాదు.

అందుకే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మా విన్నపం ఇది. మీ పట్టణంలో మురుగు పథకం ఏది వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి. లోపలికి దిగేదెవరు? మిగిలిన మడ్డి చేరేదెక్కడికి? ఆ చేరే చోటి గ్రామసభను, అందులో వాడ మనుషుల్ని, ముందుగా అడిగారా? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఒక ఊరికి జవాబు దొరికితే ఆ కాగితాన్ని పక్క ఊరికి చేర్చండి. వెస్ట్ జెఫర్సన్ గెలిచింది గానీ రైలు పారిష్‌కు జరిగింది. మన దగ్గర అలా జరగనివ్వొద్దు.